తిన్నర్‌తో రుద్దితే సైకిల్ రంగు పుట్టుక తేలదు సామీ

వారం దినాలుగా ఒకే మెసేజీ తిరగతా ఉండాది. తిరుపతి గ్రూపుల్లో చూసినా, చిత్తూరు నుంచి మా బామ్మర్ది పంపినాడు, నిన్న లీలామహల్ సర్కిల్ కాడ టీ అంగట్లో ఒకాయన ఫోను నా మొహానికి ఆనించి మరీ చూపించినాడు. పాత సైకిల్‌కి అరుదైన రంగు ఉంటే అది కంపెనీ ఏసిందా, తర్వాత ఎవరన్నా ఏయించిందా అనేది ఒక్క నిమిషంలో తేలిపోతాదంట. దూదికి తిన్నర్ పూసి రుద్దితే రంగు రాకపోతే కంపెనీదే, బ్లేడుతో గీకితే కింద ఇంకో రంగు కనపడకపోతే కంపెనీదే, బంగారు గీతలు స్టిక్కర్లు ఉంటే కంపెనీదే, కేటలాగులో లేని రంగైతే స్పెషల్ ఆర్డర్, లక్ష పలకతాదంట. పైన వంకాయ రంగు హెర్క్యులిస్ ఫోటో ఒకటి, కింద "మీ తాత సైకిల్ పాత సామాన్లోడికి ఏయకండి, షేర్ చేయండి" అని.

పాత సైకిళ్ళు విప్పి బిగించే పిచ్చి నాకు చిన్నప్పట్నుంచి ఉండాది, మా నాయనకి అద్దె సైకిళ్ళ అంగడి ఉండె. అందుకే చూస్తా ఊరుకోలేక రాస్తా ఉండా. తాత సైకిల్ పారేయొద్దు అనే మాట ఒక్కటే అందులో కరెక్టు.

తిన్నర్ సంగతి చూద్దాం ముందు. ఇది ఊరికే పుట్టిన మాట కాదు, అందుకే జనం నమ్ముతారు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో ఫ్రేముకి ఎనామిల్ ఏసి ఓవెన్లో కాల్చేవాళ్ళు, స్టవ్ ఎనామిల్ అంటారు, కాలిన రంగు ఇనుముని గట్టిగా పట్టుకుంటాది, తిన్నర్‌కి అంత సులభంగా లొంగదు. మన ఊరి షెడ్డులో గన్నుతో కొట్టే, ఓవెన్ లేకుండా గాలికే ఆరిపోయే ఎన్‌సీ డూకో పెయింటు అయితే తిన్నర్ తగలంగానే దూదికి వచ్చేస్తాది. ఇంతవరకు ఒప్పుకుంటా. మరి ఇప్పుడు కార్లకు కొట్టే, గట్టిపడే మందు కలిపి ఏసే టూకే పీయూ పెయింటు ఉండాది కదా, రంగు పొడి చల్లి కాల్చే పౌడర్ కోటింగ్ ఉండాది కదా, అవి కూడా ఒక రుద్దుకి రావు. అంటే రంగు ఊడొస్తే ఇది డూకో అయ్యుండొచ్చని తెలస్తాది, ఊడిరాకపోతే తెలిసింది సున్నా. ఈ లెక్కన పోయిన నెల పౌడర్ కోటింగ్ చేయించిన మా ఇంటి గేటు కూడా పాతకాలం కంపెనీ మాలే.

దీనికంటే పెద్ద బాధ ఇంకోటి. ఆ బంగారు గీతలు, పేరు ఉండే ట్రాన్స్‌ఫర్లు (ఫ్రేముకి అంటించే పల్చటి బొమ్మలు), వాటి మీద పల్చటి వార్నిష్, ఇవన్నీ కింద రంగంత గట్టివి కావు. నేనే చేసినా ఈ తప్పు, దాచుకునేదేముంది, పదేళ్ళ కిందట ఒక పాత రేలీ సైకిల్ చైన్ కవర్ మీద మట్టి పోతాదిలే అని తిన్నర్ గుడ్డ పెట్టినా, రెండో రుద్దుకే గుడ్డంతా పసుపు, కవర్ మీద పేరులో సగం మాయం. నల్ల రంగు మాత్రం చెక్కు చెదరలేదు. మెసేజీ ప్రకారం పరీక్ష పాస్ అన్నమాట, సైకిల్ మాత్రం పాడు.

ఇంక బ్లేడు. గీకితే ఒకటే రంగు, ఆ కింద ఇనుము కనపడితే కంపెనీదే అంటా ఉండారు. తెలిసిన పెయింటరైతే పాత రంగంతా రిమూవర్‌తోనో శాండ్ బ్లాస్టింగ్‌తోనో ఊడదీసి, ఇనుము తేలినాకే కొత్తది కొడతాడు, అప్పుడు కింద ఏం దొరకతాది నీకు? తిరగేసి చూస్తే ఇంకా ఘోరం. ఫ్లాంబోయంట్ ఫినిష్ అని ఉండేది, అడుగున వెండి రంగు ఏసి దాని మీద గాజు మాదిరి పారదర్శకంగా ఉండే ఎరుపో నీలమో ఏస్తారు, అందుకే ఎండలో ధగధగా మెరస్తాది. అది ఫ్యాక్టరీలోనే రెండు రంగులు. బ్లేడు పెడితే కింద వెండి కనపడతాది, మన గ్రూపోళ్ళు రీపెయింట్ అని తీర్పు చెప్పి నికార్సైన సైకిల్‌ని తూకానికి ఏసేస్తారు.

గీకాల్సిన పనే లేదు అసలు. రంగు ఎప్పుడు పడిందో చెప్పేది నడిమి పైపు కాదు, విప్పితే తప్ప కనపడని మూలలు. ఫోటోలో ఉండే ఆ వంకాయ రంగు హెర్క్యులిస్ చంద్రగిరిలోనే ఉందని తెలిసి పోయిన ఆదివారం స్పానర్లు ఏసుకొని పోయినా. వాళ్ళ మనవడు అరవై వేలు చెప్తా ఉండాడు. పైకి చూస్తే నిజంగానే బాగుండాది, ముచ్చటగా వెలిసిపోయి, అక్కడక్కడా పగుళ్ళు, ఎవురైనా పడిపోతారు. వెలిసిపోవడం గుర్తు కాదులే, మన తిరుపతి ఎండకి బయట పెట్టిన ఏ రంగైనా నాలుగైదు ఏళ్ళకే ముసలిదైపోతాది.

వెనక చక్రం నట్టు వదులు చేసి వాషర్ పక్కకి జరిపినా. సైకిల్ మొదటిసారి బిగించినప్పుడు నట్టు కింద పళ్ళ వాషర్ రంగుని కొరికి ఇనుములోకి దిగతాది, గుండ్రంగా చిన్న చిన్న పంటి గాట్లు పడతాయి. కంపెనీ రంగైతే ఆ గాట్లలో రంగు చితికిపోయి ఇనుమో తుప్పో కనపడాల. ఇక్కడ ప్రతి గాటులోనూ నున్నగా వంకాయ రంగు నిండిపోయి ఉండాది, అంటే గాట్లు ముందు పడినాయి, రంగు తర్వాత పడింది. ముందర లైటు బిగించే క్లిప్పు విప్పితే దాని కింద గోరంత వెడల్పు పట్టీ, నిగనిగలాడే నలుపు. పెయింటర్ ఆ క్లిప్పు విప్పకుండానే కొట్టేసినాడు పాపం. పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ కప్పు అంచు మీద కూడా వంకాయ రంగే, ఫ్యాక్టరీలో కప్పు బిగించేది రంగు ఆరినాక, దాని మీదికి రంగు ఎట్లా ఎక్కతాది? ఇంక ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దించే అవసరం కూడా రాలేదు. సీటు లగ్గు, అంటే సీటు కింద పైపులు కలిసే కీలు, దాని మీద ఫ్రేము నంబరు చూద్దామంటే అంకెల గుంతలు మందంగా పూడిపోయి ఉండాయి, వేలితో తడిమితే తప్ప తెలీడం లేదు.

ఇవి కూడా ఒక్కొక్కటిగా తీసుకుంటే మోసం చేస్తాయి. వాషర్ మార్చి ఉండొచ్చు, ఫోర్కు ఇంకో సైకిల్‌ది అయ్యుండొచ్చు. నాలుగు మూలలూ ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మల్ల.

బంగారు గీతల గురించి ఎక్కువ చెప్పను. మన ఊళ్ళల్లో సన్న కుంచెతో ఊపిరి బిగబట్టి ఒక్క దెబ్బకి గీత లాగే పెయింటర్లు ఉండేవాళ్ళు, సినిమా బోర్డులు రాసిన చేతులవి. స్టిక్కర్లయితే అచ్చం పాతవి మాదిరే కొత్తవి అమ్ముతా ఉండారు.

కేటలాగు పాయింటు మాత్రం తమాషా. కేటలాగులో ఉంటే సాక్ష్యం అంటే అర్థముంది, లేకపోతే స్పెషల్ అనడం ఏం లెక్క? అదీగాక ఏ కేటలాగు? హెర్క్యులిస్ పుట్టింది బర్మింగ్‌హామ్‌లో, 1910లో, మన ఇళ్ళల్లో ఉండేవి ఎక్కువ భాగం మద్రాసు పక్క అంబత్తూరులో 1949లో పెట్టిన టీఐ సైకిల్స్ నుంచి వచ్చినవి. రేలీ కూడా అంతే, నాటింగ్‌హామ్‌ది వేరే, 1950ల్లో బెంగాల్ ఆసన్‌సోల్‌లో సేన్-రేలీ వాళ్ళు చేసింది వేరే. ఇంగ్లండు కాగితం తెచ్చి అంబత్తూరు సైకిల్ పక్కన పెడితే ఏం తేలతాది?

అరుదైన కంపెనీ రంగు అంటే ఎట్లుంటాదో చెప్తా. అమెరికాలో ష్విన్ వాళ్ళు 1968 నుంచి క్రేట్ అని పిల్లల సైకిళ్ళు చేసినారు, అందులో బూడిద రంగు గ్రే ఘోస్ట్ 1971లో మాత్రమే వచ్చింది. దాని మీద మోజు ఎక్కువ కాబట్టి మామూలు క్రేట్‌కి బూడిద రంగు కొట్టేది కూడా ఎక్కువే. అక్కడోళ్ళు ముందు చూసేది ఫ్రేము నంబరు, మొదటి అక్షరం నెల, రెండోది సంవత్సరం, 1971కి జీ. ఆడ డీ ఉంటే ఆ ఫ్రేము 1968ది, రంగు ఎంత నిగనిగలాడినా బేరం ఆడ్నే ఆగిపోతాది.

చంద్రగిరిలో ఇదంతా మనవడికి చెప్తా ఉంటే అరుగు మీద కూర్చున్న తాత నవ్వినాడు. "నల్లదే నాయనా అది, నా పెళ్ళికి నేనే ఏయించినా ఆ రంగు, నన్నెవురడిగినారు?" అన్నాడు. ఆ పెళ్ళి 1974లోనంట. అట్లయితే ఈ రంగుకి కూడా యాభై ఏళ్ళు దాటిపోయినాయి, గీకించి నలుపు కొట్టించొద్దు అని మనవడికి గట్టిగా చెప్పినా. తాత లోపలికి పోయి పెళ్ళి ఫోటో తెచ్చినాడు, కొత్త రంగుతో సైకిల్ పక్కన నిలబడింది చూడమని. చూసినా. ఫోటో బ్లాక్ అండ్ వైట్.