ఎనిమిది వందలు తీసుకొని ఒక్క సలహా ఇవ్వలేదు

ఇది ఫిర్యాదు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక చాయ్ తాగితే చాయ్‌తో పాటు నాలుగు సలహాలు వస్తాయి, బిస్కెట్ ముంచి తీసేలోపు అడక్కుండానే ఇంకో రెండు. అట్లాంటి ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ని, కౌన్సెలింగ్ సైకాలజిస్టు దగ్గర ఎనిమిది వందలు కట్టి, యాభై నిమిషాలు కూర్చొని, ఉత్త చేతులతో బయటికి వచ్చాను.

అసలు పోయిందే వేరే దారి లేక. మూడు నెలలుగా రాత్రి మూడింటికి మెలకువ, గుండె దడ. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అంతా నార్మల్. 'టెన్షన్ తగ్గించుకోండి' అన్నాడు డాక్టరు, ఉప్పు తగ్గించుకోమన్నంత తేలిగ్గా. అమ్మ ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది. మేనమామ చెర్వుగట్టుకు పోయి అమావాస్య నాడు నిద్ర చేసి రమ్మంటే అదీ చేశాను. జడల రామలింగేశ్వరుడి మీద నాకే ఫిర్యాదూ లేదు, ఆయన కూడా చెప్పిందంతా విని ఊరుకున్నాడు గానీ ఫారం నింపమనలేదు. ఇక మా బావ: "నీకేం తక్కువ బామ్మర్దీ, నౌకరుంది, ఇల్లుంది, రెండు పెగ్గులేసి పండుకో. ఆ మెంటల్ డాక్టర్ల దగ్గరికి పోతే సీదా ఎర్రగడ్డకే తోలుతరు."

మేడం గది మొదటి అంతస్తులో, పళ్ల డాక్టర్ పక్కన. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ గొప్ప తెలివి. ఆ మెట్ల మీద ఎవరు ఎదురైనా దవడ పట్టుకొనే ఉంటారు.

ముందు ఒక కాగితం మీద సంతకం. ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే తప్ప, అని మేడం చదివి వినిపించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో కూడా ఈ గోప్యత హక్కుగానే ఉంది. మా గల్లీలో నేను తెచ్చింది కిలో మటనా అరకిలోనా అన్నదే దాగదు, చట్టం రాసినవాళ్లు మా గల్లీ చూసినట్టు లేదు.

తర్వాత ప్రశ్నలు. ఎప్పటినుంచి, నిద్ర ఎంత, తిండి ఎట్లా, మందు అలవాటుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండేదా. అదే గొంతుతో, అన్నం తిన్నారా అన్నట్టుగా, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని కూడా అడిగింది. లేదన్నాను. ఇన్ని సలహాలు ఇచ్చిన ఊళ్లో ఈ ఒక్క మాట ఎవరూ అడగలేదని మెట్లు దిగుతుంటే తట్టింది.

మాత్రలేమైనా రాస్తారా అంటే, "నేను సైకాలజిస్టును, మందులు రాయను. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తా" అంది. సూది లేదు, గ్లూకోజ్ లేదు, కనీసం నాలుక చాపమనలేదు. జ్వరానికి సూది వెయ్యకపోతే ఆ డాక్టరుకు పని రాదని తేల్చే జిల్లా ఇది.

అన్నిటికంటే పెద్ద నేరం, మధ్యలో ఆమె మాట్లాడకుండా కూర్చోవడం. మా ఇంట్లో ఇద్దరు మనుషులు మాట్లాడకుండా కూర్చుంటే భూమి పంచాయితీ నడుస్తోందని అర్థం. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే ఏదో ఒకటి మొదలుపెట్టాను, బాపు దినాలకు వేసిన టెంటువాడికి ఇంకా రెండు వేలు బాకీ ఉందని. ఎందుకు అదే నోట్లోకి వచ్చిందో తెలియదు. బాపు పోయిననాటి నుంచి టెంటు, వంటవాళ్లు, విస్తళ్లు, కూరగాయల లెక్కలు అన్నీ నేనే చూశాను, పెద్దకొడుకును కదా, ఒక్కరోజు కూడా కూలబడలేదు అని గర్వంగానే చెప్పబోయాను. స్టూలు మీద టిష్యూల డబ్బా ఎందుకుందో అప్పుడు తెలిసింది. నాలుగు వాడాను. బిల్లులో కలిపారేమోనని చూశాను, కలపలేదు.

పోయేముందు హోంవర్కు ఇచ్చింది, నలభై రెండేళ్ల మనిషికి. నోటుబుక్కులో మూడు గళ్లు: ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నాను, ఒంట్లో ఎట్లా ఉంది. దాన్ని పట్టాదారు పాసుబుక్కు కింద దాచితే మా ఆవిడ చూసి చిట్టీ లెక్కలనుకొని రెండు రోజులు మాట్లాడలేదు. వారానికోసారి రావాలట, ఆరుసార్ల తర్వాత ఎట్లా ఉందో చూద్దామంది. నాతో కుదరట్లేదనిపిస్తే చెప్పండి, ఇంకొకరి దగ్గరికి పంపిస్తానని కూడా అంది. ప్రకాశం బజారులో ఏ బట్టల కొట్టాయనైనా పక్క దుకాణానికి పొమ్మంటాడా?

ప్రభుత్వం కూడా ఈ కుట్రలో ఉంది. 2022 అక్టోబరులో మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసుకోవడానికి టెలి మానస్ అని 14416 నంబరు పెట్టారు, పైసా తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి మూడింటికి కూడా ఎత్తుతారు. అదే టైముకు మా బావకు ఫోన్ చేసి చూడండి.

మూడో వారం మెట్లెక్కుతుంటే ఆ బావే దిగుతూ కనిపించాడు, ఎడమ దవడ పట్టుకొని. నన్ను చూసి కుడి దవడ పట్టుకున్నాడు. నేనూ గబుక్కున ఏదో ఒక దవడ పట్టుకున్నాను.

"నీకెన్ని సిట్టింగులన్నరు?" అన్నాడు.

"ఆరు బావా."

"నాకు ఎనిమిది" అని, కిందికి రెండు మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగి, "ఆ టిష్యూలకు పైసలు తీసుకుంటరా?" అన్నాడు.