మూత కింది పొట్లం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పాకం డబ్బా మూత కింది, బీరుని పులియబెట్టే ఈస్ట్ పొట్లం గారి సముఖానికి, అమెరికా గరాజుల్లో బీరు కాచుకునే తెలుగు బృందం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరి ఒంటిమీద ‘బీర్ ఈస్ట్’ అని తప్ప ఊరూ పేరూ ఉండదు. డబ్బా మీదేమో లాగర్ (చల్లదనంలో పులిసే బీరు) అని బంగారు అక్షరాలు. లోపల తమరు చాలాసార్లు ఏల్ (కాస్త వెచ్చదనంలో పులిసే బీరు) వంశస్థులే. అసలు లాగర్ ఈస్ట్ 12 డిగ్రీల సెల్సియస్ చల్లదనం అడుగుతుంది. మా ఇళ్లలో అది కుదరదని కంపెనీవారు ముందే జాలిపడి తమర్ని పంపిస్తారు కాబోలు.

తమరి బరువు 5 నుంచి 7 గ్రాములు. తమకు అప్పజెప్పే వోర్ట్ (ఇంకా పులియని తీపి మాల్ట్ రసం) 23 లీటర్లు! గోదాము వేడిలో ఎన్ని నెలలు తపస్సు చేశారో, అందులో ఎన్ని కణాలు స్వర్గస్థమయ్యాయో తెలీదు. మిగిలినవి ముందు సంతానం పెంచుకోవాలి, తర్వాతే చక్కెర సంగతి. ఆ పెరిగే హడావుడిలోనే పండ్ల వాసనలూ, ఘాటు ఆల్కహాళ్లూ ఎక్కువగా పుడతాయి.

తమరి సూచనల కాగితం 27 డిగ్రీలైనా పర్వాలేదంటుంది. ఎవరికి పర్వాలేదు? గది 24లో ఉంటే పొంగుతున్న బకెట్ లోపల ఇంకో మూడు, నాలుగు డిగ్రీలు ఎక్కువే. బీరుకి అరటిపండు వాసనో, గోళ్లరంగు తుడిచే మందు వాసనో అంటుకునేది మొదటి మూడు రోజుల్లోనే. ఆ తర్వాత ఐసులో కూర్చోబెట్టినా పోదు. అందుకే బకెట్‌ని నీళ్లతొట్టిలో దింపి, తడిబట్ట చుట్టి, ఫ్యాను పెట్టాల్సింది మొదటిరోజే. ఇంతా చెడ్డాక మేం హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) పాతవంటాం, కుళాయి నీళ్లను తిడతాం. తమర్ని మాత్రం ఒక్క మాట అనం.

తమరి దాయాదులనూ, అంటే పేరూ ఊరూ ఉన్న వేరే ఈస్ట్‌లనూ, చూశాం. ఒకే వోర్ట్‌ని మూడు జాడీల్లో పోసి, మూడింటినీ 19 డిగ్రీల దగ్గరే ఉంచితే చాలు, బండారం బయటపడుతుంది. యూఎస్-05 తన ఊసే లేకుండా తప్పుకుని హాప్స్‌కి దారిస్తుంది. ఎస్-04 కాస్త పండు రుచి ఇచ్చి, తొందరగా అడుగున గట్టిగా పేరుకుంటుంది. మ్యూనిక్ క్లాసిక్ అయితే లవంగం, అరటిపండు. ఇందులో మాల్ట్ గొప్పేముంది, హాప్స్ గొప్పేముంది?

అసలు లాగర్ ఈస్ట్ అయిన డబ్ల్యూ-34/70 గారికి మర్యాదలెక్కువ. 20 లీటర్లకి రెండు పొట్లాలు, 12 డిగ్రీలు, పులియడం ముగిసే ముందు రెండు మూడు రోజులు 17 డిగ్రీల విశ్రాంతి. ఆ విశ్రాంతిలో తను వదిలిన వెన్న వాసనని తనే తినేస్తుంది. తొందరపడి చల్లబరిస్తే గ్లాసులో సినిమాహాలు పాప్‌కార్న్ వాసన.

బెల్ సేజాన్ అనే ఈస్ట్ జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్తాం. మిగతావాళ్లు వదిలేసే డెక్స్‌ట్రిన్లను (పొడుగాటి చక్కెర గొలుసులను) కూడా అది మెల్లగా నమిలేస్తుంది. మిగిలిన చక్కెర ఎంతో చూపే హైడ్రోమీటర్ అంకె రోజుల తరబడి కదలకుండా నిలిచాకే సీసాలకెత్తాలి, లేకపోతే సీసాలు పేలతాయి. ప్లాస్టిక్ గొట్టంలో మిగిలిపోతే ఆ తర్వాత కాచే బీరునీ తినేస్తుంది, కాబట్టి దాని గొట్టాలు దానికే.

తమర్ని పారేస్తామని బెంగపడకండి. ఉద్యోగం చూశాం. ఇకపై వోర్ట్ మరిగే ఆఖరి 10 నిమిషాల్లో పొట్లం చింపి గిన్నెలో వేసేస్తాం. ఉడికిన ఈస్ట్ బతికున్న ఈస్ట్‌కి మంచి బలమట. దాయాదులు తృప్తిగా భోంచేస్తారు.

ఇట్లు,
తమ విధేయులు