అయిదు మెడల గిటారు గారికి ఒక లేఖ

మహారాజశ్రీ అయిదు మెడల గిటారు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. మా హాల్లో గోడకు వేలాడుతున్న మీ దూరపు చుట్టానికి మాత్రం ఒంట్లో బాగాలేదు. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందు మీతో తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో క్విజ్ పెట్టారు. "అయిదు మెడల గిటారు వాయించే రాక్ గిటారిస్టు ఎవరు?" అన్నారు. ప్రశ్న పూర్తికాకముందే లేచి నిలబడ్డాను. "రిక్ నీల్సన్! చీప్ ట్రిక్ బ్యాండ్! అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, రాక్‌ఫర్డ్ ఊరు!" ఊరి పేరు ఎవరూ అడగలేదనుకోండి. చప్పట్లు కొట్టారు, మూత సరిగ్గా పట్టని స్టీలు డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. మెట్లు దిగుతుంటే పక్క ఫ్లాట్ కుర్రాడు వెంటపడి, "అంకుల్, వాళ్ల పాటలు ఓ మూడు చెప్పండి, వింటాను" అన్నాడు. ఒకటి చెప్పాను. రెండోదానికి దగ్గు వచ్చింది.

తప్పు నాది కాదు, మీదే. మీ సోకు చూస్తూ కూర్చుంటే పాట చెవికెక్కేదెప్పుడు?

అయినా ఏమిటండీ ఆ ఆకారం! తీగలు బిగించే పొడవాటి మెడలు అయిదు, మొత్తం 36 తీగలు. అన్నిటికన్నా పై మెడకు 12, మిగతా నాలుగింటికీ తలా ఆరు. అడుగు మెడకైతే మా గోటువాద్యానికి లాగా మెట్లే లేవు. ఏడు తీగల వీణను శ్రుతి చేసుకోవడానికే మా వీధి టీచరుగారు పావుగంట తీసుకుంటారు. పిల్లలు ఆలోపు జంతికలు తినేస్తారు. మీ 36కీ శ్రుతి చూసే సహాయకుడెవరో గానీ, ఆయనకు నా సానుభూతి చెప్పండి.

ఇంతా చేసి ఆ వాయించే మనిషికి ఉన్నవి రెండే చేతులు. ఒక మెడ పనిచేస్తుంటే నాలుగు మెడలు చూస్తూ నిలబడాలి. మా వీధిలో కొళాయి పైపు కోసం గొయ్యి తవ్వినప్పుడు కూడా అంతే. ఒకడి చేతిలో గునపం, నలుగురి చేతుల్లో టీ గ్లాసులు.

మీ పుట్టుక కథ కూడా నేను చదివాను. అంతకుముందు నీల్సన్ గారు స్టేజి మీద గిటార్లు ఒకదానిమీద ఒకటి మెళ్లో తగిలించుకుని, ఒక్కోటీ కాసేపు వాయించి విప్పి పక్కకిచ్చేసేవారు, మన సన్మాన సభల్లో శాలువాలు తీసి వెనక్కి అందించినట్టు. తర్వాత, ఆరు మెడలతో, జూదశాలల్లోని రూలెట్ చక్రంలా గిర్రున తిరిగే గిటారు ఉంటే ఎలా ఉంటుందని ఆలోచన వచ్చింది. చివరికి 1981లో హేమర్ కంపెనీ వాళ్లు అయిదు మెడలు వరసగా పేర్చి మిమ్మల్ని చేసిచ్చారు. తిరిగే యోగం తప్పింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ల అదృష్టం.

లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ గారి దగ్గరా గిబ్సన్ కంపెనీ రెండు మెడల గిటారు ఉంది. కానీ దానికో సాకుంది. రికార్డింగులో వేర్వేరు గిటార్లతో వాయించిన ఒకే పాటను స్టేజి మీద వాయించాలంటే, మధ్యలో ఆరు తీగల నుంచి పన్నెండుకి, మళ్లీ ఆరుకి మారాలి. గిటారు మార్చుకునే టైం ఉండదు. అందుకని రెండు మెడలు. పెళ్లికి వెళ్తూ సంచిలో ఇంకో జత బట్టలు పెట్టుకున్నట్టు. మీరు మాత్రం పెళ్లికి బీరువానే మోసుకొస్తారు. పోనీ తీగల లెక్కలోనైనా నెగ్గారా అంటే, అదీ లేదు. కెనడాలో లిండా మాంజర్ గారు 1984లో జాజ్ గిటారిస్టు పాట్ మెథీనీ కోసం చేసిన పికాసో గిటారుకు నాలుగే మెడలు, తీగలు మాత్రం 42.

మిమ్మల్నింత తిడుతున్నా, మీ యజమాని మీద నాకు కోపం రాదు. 1977లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బం అట్ట చూశాక అసలే రాదు. ముందువైపు, పూర్తి రంగుల్లో, పాడే రాబిన్ జాండర్, బేస్ వాయించే టామ్ పీటర్సన్. ఇద్దరూ అందగాళ్లు, మోటారుసైకిళ్ల మీద ఠీవిగా. వెనకవైపు, నలుపు తెలుపుల్లో, డ్రమ్స్ వాయించే బన్ ఇ. కార్లోస్, మన నీల్సన్. బ్యాండ్ పాటల్లో ఎక్కువ భాగం రాసిన మనిషి వెనక అట్ట మీద! అలాంటాయన నెత్తిన బేస్‌బాల్ టోపీ, మెడకు బో టై పెట్టుకుని, జనంలోకి గుప్పిళ్లతో తీగలు మీటే పిక్కులు విసురుతూ, గళ్ల గిటారు పట్టుకుని గెంతాడంటే నేను అర్థం చేసుకోగలను. తన బొమ్మనే గిటారుగా చేయించుకున్నాడు కూడా. దానికి రెండు కాళ్లే రెండు మెడలు. మనిషికి ఫోటో పిచ్చి ఉండొచ్చు, కానీ తన కాళ్లను తానే వాయించుకునేంత ఓపిక అందరికీ ఉండదు.

కానీ మీరు గర్వపడటానికి ఏముందో చెప్పండి. వాళ్ల పేరు మోగింది బుడోకాన్ ఆల్బంతో. 1978 ఏప్రిల్‌లో టోక్యోలోని ఆ హాల్లో రికార్డు చేశారు. మొదట జపాన్ కోసమే వేసింది, అమెరికాకు దిగుమతై అమ్ముడుపోతుంటే, 1979లో అక్కడా విడుదల చేయాల్సొచ్చింది. వింటే పాటకన్నా ముందు జపాను పిల్లల కేకలు వినిపిస్తాయి. అప్పటికి తమరు పుట్టనే లేదు. ఆ పిల్లలు అరిచింది మెడలు లెక్కపెట్టి కాదు. ఇక అమెరికాలో వాళ్లకు నంబర్ వన్ అయిన ఒకే ఒక్క పాట 1988లో వచ్చింది. నెమ్మదైన ప్రేమపాట, రాసింది బయటివాళ్లు. అందులోనూ తమరి ఘనతేమీ లేదు. మరి క్విజ్‌లో ప్రశ్న ఎవరి మీద? మీ మీద!

ఇక ఆరోగ్యం సంగతి. మావాడు లాక్‌డౌన్‌లో మారాం చేసి కొనిపించుకున్న గిటారు టీవీ పక్కన మేకుకు వేలాడుతోంది. ఒకటే మెడ. మొదటి స్ట్రింగ్, అన్నిటికన్నా సన్నది, తెగి నాలుగు నెలలైంది. తెగిన ముక్క ఇంకా బిరడాకు చుట్టుకునే ఉంది. మా ఆవిడ దుమ్ము దులిపినప్పుడల్లా వేలికి గుచ్చుకుంటోంది, తిట్లు నాకు పడుతున్నాయి. షాపువాడు విడిగా ఒక్కటి ఇవ్వడట, ఆరూ కలిపి సెట్టు కొనాలట.

కాబట్టి తమరి మధ్య మెడల్లో ఏదో ఒకదాన్నుంచి ఆ సన్న తీగ ఊడదీసి, కవర్లో పెట్టి పంపించగలరు. మీరు స్టేజి ఎక్కేదే కచేరీ ఆఖర్లో. ఆ మెడ వంతు వచ్చేసరికి లైట్లు ఆర్పేస్తారు, ఎవరికీ తెలియదు.

ఇట్లు,
స్టీలు డబ్బా విజేత