ఉప్మాని తిట్టే ముందు రవ్వ వేయించడం నేర్చుకోండి

ఇప్పుడే ఒక వీడియో చూశాను, ఒళ్ళు మండిపోతోంది. పోపులో పచ్చి రవ్వ కుమ్మరించాడు, దాని మీద చన్నీళ్ళు పోశాడు, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పాడు. ఉండలు కట్టిన ఆ ముద్దని కెమెరాకి చూపించి "ఉప్మా అంటే ఇంతే ఫ్రెండ్స్, అందుకే నేను చీజ్ వేస్తా" అన్నాడు. కింద అందరూ నవ్వులు, చప్పట్లు. ఒక్కరంటే ఒక్కరు కూడా "బాబూ, రవ్వ వేయించలేదు" అని రాయలేదు!

ఉండ ఎందుకు కడుతుందో తెలుసా? వేడినీళ్ళు తగలగానే రవ్వ పైపైన ఉడికి జిగురెక్కుతుంది. పచ్చి రవ్వ గుంపుగా పడిందంటే ఆ జిగురు చుట్టూ పొరకట్టి, లోపల పొడిపిండి అలాగే ఉండిపోతుంది. చన్నీళ్ళు పోస్తే ఇంకా ఘోరం. అవి మరిగేలోపు రవ్వంతా నాని అడుక్కి దిగుతుంది, అడుగంటుతుంది, పైన జావలా తేలుతుంది.

గ్లాసు బొంబాయి రవ్వ, చెంచా నెయ్యి, సన్నసెగ, ఆరేడు నిమిషాలు. అంతే కదా అడుగుతున్నది! మొదట్లో గరిటెకి బరువుగా, మందంగా కదులుతుంది రవ్వ. వేగేకొద్దీ తేలికై ఇసుకలా జారుతుంది, మూకుడులో చప్పుడు కూడా మారుతుంది. కమ్మటి వాసన రావాలి, రంగు మాత్రం తిరగకూడదు. అక్కడ దించి పళ్ళెంలో పోసేయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే అడుగున మాడుతుంది.

పోపులో శనగపప్పు, మినప్పప్పు ఎర్రబడ్డాకే పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, ఉల్లిపాయలు. పప్పు సగం వేగినప్పుడే ఉల్లిపాయ పడేస్తే దాని తడికి పప్పు మెత్తబడిపోతుంది, కరకరలాడదు. ఉల్లిపాయ మెత్తబడితే చాలు, ఎర్రగా వేయించొద్దు, తియ్యదనం వచ్చేస్తుంది. ఉప్మా పొడిగా కావాలంటే నీళ్ళు రెండు గ్లాసులు, మెత్తగా కావాలంటే మూడు. ఉప్పు ఆ నీళ్ళలోనే వేసి రుచి చూడండి, నాలిక మీద ఒక పిసరు ఎక్కువే అనిపించాలి, రవ్వ పడ్డాక సరిపోతుంది. నీళ్ళు తెర్లుతుండగా సెగ తగ్గించి, ఒక చేత్తో రవ్వ సన్నధారగా పోస్తూ రెండో చేత్తో కలుపుతూ ఉండాలి. తర్వాత మూత పెట్టి మూడు నిమిషాలు. కాస్త జారుగా ఉండగానే కట్టేయండి, చల్లారేసరికి అదే గట్టిపడుతుంది. నిమ్మరసం పొయ్యి కట్టేశాకే. ఉడుకుతుండగా పిండితే ఆ తాజా పులుపు పోతుంది. పెసరట్టులోకైతే మూడు గ్లాసుల నీళ్ళకి తగ్గొద్దు, గట్టి ఉప్మా పెడితే మడిచేటప్పుడు అట్టు చిరుగుతుంది.

ఇక కొత్తదనం అంటారా, చీజ్, మయోనీజ్ తప్ప మీకింకేం తోచదా? మన ఇళ్ళలో ఉప్పుపిండి లేదా? బియ్యపు రవ్వ గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు, గుప్పెడు నానిన పెసరపప్పు, జీలకర్ర, మిరియాలు, ఇంగువ. ఇనప మూకుట్లో సన్నసెగన మగ్గిస్తే అడుగున బంగారు రంగు మాడు కడుతుంది. ఆ మాడు ముక్క కోసం ఇంట్లో వాటాలేసుకుంటారు! నిన్నటి ఇడ్లీలు ఉన్నాయా, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాకే చిదిమి పోపులో వేయండి. వేడివి చిదిమితే ముద్దైపోతాయి. మిగిలిన ఉప్మాలో రెండు చెంచాల బియ్యప్పిండి, కొత్తిమీర కలిపి బిళ్ళలు తట్టి పెనం మీద కాల్చండి. పిండి వేయకపోతే తిప్పేటప్పుడు విడిపోతాయి.

అమెరికా టీవీ పోటీ "టాప్ షెఫ్ మాస్టర్స్"లో 2011లో ముంబైలో పుట్టిన ఫ్లాయిడ్ కార్డోజ్ ఫైనల్లో పుట్టగొడుగులతో ఉప్మా వండి గెలిచారు. లక్ష డాలర్ల బహుమతి! అక్కడి న్యాయనిర్ణేతలు కళ్ళకద్దుకున్నది మనకి "ఏమీ లేనప్పుడు చేసే టిఫిన్" అయింది.

అసలు నా కడుపుమంట ఈ మాట మీదే. "పొద్దున్నే ఏం కష్టపడతావు, ఏదో ఇంత ఉప్మా పడెయ్." ఎవరు అంటారీ మాట? ఒక్కరోజు కూడా రవ్వ దగ్గర నిలబడనివాళ్ళు. చెప్పాపెట్టకుండా నలుగురు చుట్టాలొస్తే పావుగంటలో వేడివేడిగా ప్లేట్లు ముందుంచేది ఆ ఉప్మాయే, ఆ ఇల్లాలే. తీరా పెట్టాక "అబ్బా, మళ్ళీ ఉప్మానా" అని మూతి విరుపు. ఆవిడ రవ్వ పోస్తూ కలుపుతుంటే ఆవిరికి మణికట్టు చురుక్కుమంటుంది, చెయ్యి తీయడానికి లేదు, తీస్తే ఉండలు. ఆ చెయ్యి ఎవరికీ కనబడదు. ఉండలు మాత్రం అందరికీ కనబడతాయి!

ఉప్మా మీద జోకులు ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఈ ఆదివారం గ్లాసు రవ్వ తీసుకుని పొయ్యి ముందు నిలబడండి. ఏడు నిమిషాలు సన్నసెగన, ఫోన్ పక్కన పడేసి, గరిటె ఆపకుండా.