పారమట్టాకు పొంచి ఉన్న గెలుపు ముప్పు

పశ్చిమ సిడ్నీలో కాపురముంటున్న తెలుగువారందరికీ అత్యవసరంగా ఒక మనవి. ఇళ్ల ధరల మీద, పిల్లల సెలెక్టివ్ స్కూలు కోచింగుల మీద, పెండిల్ హిల్ కొట్లలో గోంగూర కట్ట రేటు మీద మనం పెడుతున్న శ్రద్ధలో పదోవంతు కూడా పారమట్టా ఈల్స్ రగ్బీ లీగ్ క్లబ్బు మీద పెట్టడం లేదు. ఆ జట్టు ఎప్పుడో ఒకప్పుడు ఛాంపియన్‌షిప్ గెలిచే ప్రమాదం ఉంది. అదే జరిగితే ఈ ప్రాంతంలోకెల్లా విలువైన ఆస్తి ఒక్క రాత్రిలో గంగలో కలిసిపోతుంది. ఆ ఆస్తి పేరు 1986.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది, ఆట 80 నిమిషాలు. అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి పడేసేలోగా ఏదో ఒకటి సాధించాలి, లేకపోతే బంతి వాళ్లకిచ్చెయ్యాలి. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై. ఇంతకు మించి తెలియనక్కర్లేదు. మా తోడల్లుడికి ఇదీ సరిగ్గా తెలియదు, అయినా ఆయన వీరాభిమాని.

ఇక చరిత్ర. పారమట్టా 1947లో పోటీల్లోకి దిగింది. మొదటి కప్పు కోసం 34 ఏళ్లు కాచుకుంది. 1976లో గ్రాండ్ ఫైనల్ దాకా, అంటే కప్పు తేల్చే ఆఖరి ఆట దాకా వెళ్లి మాన్లీ చేతిలో 13-10తో ఓడింది. మరుసటేడు సెయింట్ జార్జ్‌తో 9-9 దగ్గర ఆగిపోతే మళ్లీ ఆడించారు, ఈసారి 22-0తో చిత్తయింది. చివరికి 1981లో న్యూటౌన్‌ను 20-11తో ఓడించి కప్పు కొట్టింది. ఆ రాత్రి అభిమానులు ఏం చేశారన్నది జాగ్రత్తగా వినాలి. నేరుగా సొంత మైదానం కంబర్లాండ్ ఓవల్‌కు వెళ్లి, అక్కడి స్టాండును తగలబెట్టారు. ఓడిపోయిన కడుపుమంటతో తగలబెట్టడం లోకంలో ఉన్నదే. గెలిచిన ఆనందం పట్టలేక సొంత కొంపకే నిప్పెట్టుకోవడం మాత్రం అంతటా కనిపించదు. ఫలితంగా తర్వాతి నాలుగేళ్లూ సొంత ఊళ్లో మైదానం లేక, బెల్మోర్ వెళ్లి ఆడుకోవాల్సి వచ్చింది. బెల్మోర్ ఎవరిదనుకున్నారు? ఆగర్భ శత్రువులైన కాంటర్‌బరీ వాళ్లది. గెలుపు ఈ ఊరికి పడదని అప్పుడే తేలిపోయింది గానీ, పెద్దలు పట్టించుకోలేదు.

పట్టించుకోకపోగా 1982లో గెలిచారు, 1983లోనూ గెలిచారు, రెండుసార్లూ మాన్లీ మీదే. బ్రెట్ కెన్నీ అనే ఆయన ఆ మూడు గ్రాండ్ ఫైనళ్లలోనూ ఫైనల్‌కు రెండు ట్రైల చొప్పున చేశాడు. 1984లో కాంటర్‌బరీ 6-4తో ఆపింది కాబట్టి సరిపోయింది. 1986 మార్చిలో ఎలిజబెత్ రాణిగారు స్వయంగా వచ్చి కొత్త పారమట్టా స్టేడియం ప్రారంభించారు. ఆ సెప్టెంబరులో అదే కాంటర్‌బరీని ఓడించి నాలుగో కప్పు తెచ్చారు. అదే ఆఖరు. ఒకప్పుడు గెలిచి ఇప్పటికీ ఈ లీగ్‌లో ఆడుతున్న జట్లలో, ఆఖరి కప్పు తర్వాత ఇంతకాలంగా నిగ్రహం పాటిస్తున్నది మరొకటి లేదు.

ఇప్పుడా 1986 ఆట గురించి చెప్పుకోవాలి, తీరిగ్గా. స్కోరు 4-2. మీరు సరిగ్గానే చదివారు. 80 నిమిషాల్లో రెండు జట్లలో ఒక్కడు కూడా గీత దాటలేదు. మిక్ క్రోనిన్ రెండు పెనాల్టీ గోల్స్ తన్నాడు, అవతలివాళ్లు ఒకటి తన్నారు. అంతే సంగతులు. ట్రై అన్నదే లేని గ్రాండ్ ఫైనల్ అదొక్కటే. జరిగింది ఏమీ లేదు కాబట్టే జ్ఞాపకానికి హద్దు లేదు. ఆరేడు ట్రైలు పడ్డ ఆటను వర్ణించాలంటే ఆ ట్రైలకు కట్టుబడి ఉండాలి. 4-2 ఆటకు ఆ ఇబ్బంది లేదు, ఎవరి ఓపిక కొద్దీ వారు పెంచుకోవచ్చు.

మా వీధి చివర ఉండే రిటైరైన పెద్దమనిషి ఈ కళలో ఆరితేరినవాడు. ఆయన పెరట్లో బార్బెక్యూకు పిలిస్తే తిండి దొరుకుతుంది గానీ ఆలస్యంగా. ముందు టమాటా సాస్ సీసాను బల్ల మధ్యలో పెడతాడు. అది రే ప్రైస్. అలుపన్నది ఎరగని ఫార్వర్డ్, తలకు రక్షణ టోపీ పెట్టుకుని ఆడే కెప్టెన్, ఆ ఆటతోనే రిటైరయ్యాడు. మస్టర్డ్ డబ్బా పీటర్ స్టెర్లింగ్. పొట్టి, చురుకు, బంగారు రంగు జుట్టు కాబట్టి పసుపుపచ్చ డబ్బా అన్నమాట. ఉప్పు డబ్బా ఎరిక్ గ్రోథీ. దాన్ని బల్ల అంచుకు నెట్టి, అక్కడ వింగ్‌లో పరుగు తీస్తాడంటాడు. ఉల్లిపాయ ముక్కలన్నీ కాంటర్‌బరీ. సాస్ సీసా వెళ్లి ఉల్లిపాయల్ని గుద్దుతుంది, వెనక్కొస్తుంది, మళ్లీ గుద్దుతుంది. ఇంతలో సాసేజీలు ఒకవైపు మాడిపోతుంటాయి. "వాటిని తిప్పండి" అని ఇంటావిడ లోపల్నించి అరుస్తుంది. క్రోనిన్ రెండో గోల్ తన్నేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. క్రోనిన్ పాత్రకు ఆయన ఏ సీసానూ వాడడు. లేచి నిలబడి, తనే నాలుగడుగులు వెనక్కేసి, మోకాలి నొప్పి మరిచిపోయి గాల్లోకి తన్నుతాడు. ఏటేటా ఆ బంతి స్తంభాల మధ్యకు ఇంకాస్త నిటారుగా పోతోందని నా అనుమానం.

ఆ క్రోనిన్ గెరింగాంగ్ అనే సముద్రతీరపు ఊళ్లో ఉండేవాడు, సిడ్నీకి దక్షిణాన బాగా దూరం. అక్కణ్నించే కారేసుకుని ప్రాక్టీసుకు వచ్చిపోయేవాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు పెద్దమనిషి గొంతు పూడుకుపోతుంది. బ్లాక్‌టౌన్ నుంచి సిటీ ఆఫీసుకు రోజూ రైల్లో నిలబడి వెళ్లొచ్చే మనవాళ్ల గురించి ఎవరూ గొంతు పూడ్చుకోరు. అది వేరే విషయం.

రికార్డుల ప్రకారం ఆ రోజు సిడ్నీ క్రికెట్ గ్రౌండుకు వచ్చినవాళ్లు 45 వేల చిల్లర. వెంట్‌వర్త్‌విల్ నుంచి గ్రాన్‌విల్ దాకా ఎవరిని కదిపినా ఆ చిల్లరలో తామున్నామంటారు. దీన్ని అబద్ధం అనడం అన్యాయం. మైదానానికి వెళ్లినవాళ్లు ఒకసారే చూశారు, వెళ్లనివాళ్లు నలభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు. ఎవరి సాక్ష్యం గట్టిది?

మా తోడల్లుడి కేసు ఇంకా లోతైనది. ఆయన ఈ దేశంలో దిగింది 2004లో. మొన్నొక పుట్టినరోజు విందులో పులిహోర ప్లేటు పట్టుకుని మొదలుపెట్టాడు:

"ఎనభై ఆరులో మనం ఎలా ఆడామనుకున్నారు అన్నయ్యగారూ! కాంటర్‌బరీ వాళ్లని గీత తొక్కనివ్వలేదంటే నమ్మండి!"

"ఎనభై ఆరులో నువ్వు గుడివాడలో ఎనిమిదో తరగతి కదయ్యా."

"అయితే ఏం? కురుక్షేత్రంలో మీ తాతగారున్నారా? హరికథ చెప్పలేదూ?"

నా దగ్గర జవాబు లేదు. పౌరసత్వ పరీక్షలో అడిగే ప్రశ్నలకన్నా ఈ "మనం" కష్టమైనది, ఆయన దాన్ని అవలీలగా పాసయ్యాడు. పక్కింటివాళ్లు ఆయన పేరు ఇప్పటికీ సరిగ్గా పలకలేరు, కానీ 1998 మాటెత్తితే భుజం మీద చెయ్యేసి ఓదారుస్తారు.

1998 అన్నాను కదా. అసలు సంగతి ఇక్కడుంది. క్లబ్బు ఓడిపోతూ వస్తోందని పత్రికలు రాస్తాయి. నేను వినయంగా విభేదిస్తున్నాను. క్లబ్బు చేస్తున్నది వారసత్వ సంపద పరిరక్షణ. స్టేడియం పక్కనే పారమట్టా పార్కులో పాత గవర్నమెంట్ హౌస్ ఉంది. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కట్టడం, ఎవరూ మేకు కొట్టడానికి వీల్లేదు. 1986 కూడా సరిగ్గా అలాంటిదే. కొత్త కప్పు పక్కన కొత్త అంతస్తులా లేస్తే దాని అందం ఏం కావాలి? అందుకే క్లబ్బు ఎన్ని త్యాగాలు చేసిందో చూడండి.

1998లో గ్రాండ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద, కాంటర్‌బరీ మీద 18-2 ఆధిక్యం. మిగిలింది పదకొండు నిమిషాలు. మామూలు జట్టయితే ఈ స్థితిలో ఓడిపోవడం చేతకాదు. మనవాళ్లు చకచకా మూడు ట్రైలు ఇచ్చి స్కోరు సమం చేయించి, అదనపు సమయంలో 32-20తో ఓడి 1986ను కాపాడారు. 2001లో ప్రమాదం ఇంకా పెద్దది. ఆ సీజన్లో 839 పాయింట్లు కొట్టి రికార్డు సృష్టించారు, పట్టికలో అగ్రస్థానం, ఎదురు లేదు. ఊరంతా వణికిపోయి ఉండాలి. గ్రాండ్ ఫైనల్ మొట్టమొదటిసారి రాత్రిపూట పెట్టారు, మనవాళ్లు మొదటి సగం దాకా నిద్రలోనే ఉండి న్యూకాజిల్‌కు 24-0 అప్పగించారు. రెండో సగంలో ఎవరో లేపారు, గుండె గుభేలుమంది, అదృష్టవశాత్తూ 30-24 దగ్గర ఆగింది. 2005లో మళ్లీ అగ్రస్థానం. ఈసారి రిస్కు తీసుకోకుండా ఫైనల్‌కు ముందు ఆటలోనే నార్త్ క్వీన్స్‌లాండ్ చేతిలో 29-0. ఇదీ పద్ధతి.

2009 సంగతి మాత్రం తలచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. ఎనిమిదో స్థానంలో దూరిన జట్టు జారిడ్ హేన్ కాళ్ల మహిమతో గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లి, మెల్‌బోర్న్ చేతిలో 23-16తో ఓడింది. హమ్మయ్య అనుకున్నాం. మరుసటేడు బయటపడిందేమిటంటే, మెల్‌బోర్న్ జీతాల పరిమితి దాటి ఆటగాళ్లకు డబ్బులిచ్చింది. కప్పు లాక్కున్నారు. ఇంకేముంది, రెండోవాళ్లకిస్తారేమోనని భయం. లీగ్ పెద్దలు చల్లగా ఉండాలి, ఎవరికీ ఇవ్వకుండా ఆ ఏడాది గడి ఖాళీగా వదిలేశారు. 2016లో మనవాళ్లే జీతాల పరిమితి దాటి దొరికారు. పది లక్షల డాలర్ల జరిమానా, పన్నెండు పాయింట్ల కోత. ఆక్లాండ్‌లో తొమ్మిదేసి మందితో ఆడే చిన్న పోటీ ఒకటి పొరపాటున గెలిచి ఉంటే దాన్నీ వెనక్కి తీసుకున్నారు. డబ్బు ఎక్కువ పెట్టి కూడా గెలవకపోవడం ఎంత మంది వల్ల అవుతుంది? అడుగున నిలిచినవాళ్లకిచ్చే చెక్క గరిటె 2012, 2013, 2018లలో మూడుసార్లు ఇంటికొచ్చింది. నాలుగు కప్పులు, ఈ మధ్యన మూడు గరిటెలు: సంసారానికి కావలసినవన్నీ సమకూరుతున్నాయి.

మరి గెలిస్తే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఇక్కణ్నించే రైలెక్కి పడమటి చివరికి, పెన్‌రిత్ వెళ్లండి. 2021, 2022, 2023, 2024 వరుసగా నాలుగు కప్పులు. 2022లోది మనల్ని 28-12తో ఓడించి పట్టుకెళ్లిందే. పాపం, అక్కడ జ్ఞాపకాల మార్కెట్టు కుప్పకూలింది. ఒక ఆటను చిలవలు పలవలుగా పెంచుకునేలోపే మరొకటి వచ్చిపడుతోంది. ఏ ట్రై ఏ ఏడాదిదో వాళ్లలో వాళ్లే తగువు పడుతున్నారట. సాస్ సీసాలతో అన్ని ఆటలు ఆడాలంటే ఎన్ని సాసేజీలు మాడాలి?

ఇక్కడ మనకూ ఒక దెప్పిపొడుపు ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్, 1956లో ఇదే ఆస్ట్రేలియా గడ్డ మీద, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు శిక్షకుడు. ఆతిథ్య దేశాన్ని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిపాడు. ఈ సంగతి మా వీధి పెద్దమనిషికి చెబితే నమ్మలేక కుర్చీలోంచి లేచాడు. మా తోడల్లుడు మాత్రం "రహీం ఎవరు?" అన్నాడు. ఆ జట్టుకు పారమట్టా అభిమానులు పాతికమంది దొరికి ఉంటే, ఈపాటికి పాతబస్తీలో ప్రతి ఇరానీ హోటల్లోనూ సాసర్లన్నీ ఫుల్‌బ్యాకులై ఉండేవి.

కాబట్టి ప్రభుత్వానికి, లీగ్‌కు కొన్ని ప్రతిపాదనలు. ఆటగాళ్లకు జీతాల పరిమితి ఉన్నట్టే అభిమానులకు జ్ఞాపకాల పరిమితి పెట్టాలి. తలకు ఇంత అని కోటా, దాటితే ఆడిట్. గతంలో క్లబ్బులు బయటివాళ్లతో డబ్బిప్పించి లెక్కల్లో చూపని మూడోపక్షపు చెల్లింపుల్లాగే, మా తోడల్లుడివి మూడోపక్షపు జ్ఞాపకాలు. వాటిని రద్దు చేయకుండా ఒక రిజిస్టరులో నమోదు చేస్తే చాలు. వెస్ట్‌మెడ్ ఆసుపత్రిలో పుట్టే ప్రతి బిడ్డకూ టీకాల పుస్తకంతో పాటు 4-2 ఆట వివరాలు ఇవ్వాలి. ఆ పుస్తకంలో 1998కి బూస్టరు డోసు ఉండాలి.

ఇక అసలైన ముందుజాగ్రత్త. పాత స్టేడియాన్ని 2017లో పడగొట్టి, అదే చోట 30 వేల మంది పట్టే కొత్తది కట్టి 2019లో తెరిచారు. తెరిచిన మొదటి ఆటలోనే మనవాళ్లు వెస్ట్స్ టైగర్స్‌ను 51-6తో ఓడించారంటే పరిస్థితి ఎంత నాజూకుగా ఉందో ఊహించుకోండి. కాబట్టి గ్రాండ్ ఫైనల్‌కు వెళ్లిన ఏడు, ఆ రాత్రి స్టేడియం గేట్లన్నిటి దగ్గరా ఫైరింజన్లు నిలబెట్టాలి. ఓడితే వాటిని తెల్లవారాక పంపించెయ్యవచ్చు. గెలిస్తే మాత్రం ఉంచాలి. ఈ ఊరి అభిమానం సంగతి 1981లోనే చూశాం, పైగా బెల్మోర్ వాళ్లు మళ్లీ చోటిస్తారన్న నమ్మకం లేదు.