ప్రమాద కేసులో లాయరు అసలు పని వాదనకు ముందే

మోటారు ప్రమాద కేసుల్లో పరిహారం ఎంత రావాలన్నదానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కలో ప్రతి అంకె వెనకా ఒక కాగితమో సాక్షో నిలబడాలి. వాటిని సకాలంలో పోగుచేయడమే లాయరు అసలు పని. మన జిల్లా కోర్టుల్లో ఎంవీఓపీ (మోటారు ప్రమాద పరిహార పిటిషన్) వేయబోయే కుటుంబాలు మాత్రం లాయరును ముందుగా అడిగే ప్రశ్న 'మీరు ఎంత శాతం తీసుకుంటారు?' అని. ఈ బేరమే చాలా కేసులను మొదట్లోనే దెబ్బతీస్తోంది.

లెక్క వేసి చూద్దాం. 34 ఏళ్ల తాపీ మేస్త్రికి కుడి మోచెయ్యి విరిగింది. ప్లేట్లు వేసినా చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు. నెలకు 15 వేల సంపాదన రుజువైంది. ప్రణయ్ సేఠీ కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, 40 ఏళ్లలోపు స్వయం ఉపాధివారికి భవిష్యత్తు పెరుగుదల కింద మరో 40 శాతం కలపాలి. ఇది శాశ్వత వైకల్యం కేసులకూ వర్తిస్తుందని 2020లో అదే కోర్టు స్పష్టం చేసింది. అంటే నెలకు 21 వేలు, ఏడాదికి 2,52,000. సరళా వర్మ కేసు (2009) పట్టిక ప్రకారం 31 నుంచి 35 ఏళ్ల వారికి మల్టిప్లయర్, అంటే ఏడాది సంపాదనను హెచ్చించాల్సిన అంకె, 16. మొత్తం 40,32,000. ఇందులో అతను పోగొట్టుకున్న సంపాదన శక్తి ఎంత శాతమని తేలితే అంత భాగం వస్తుంది. 20 శాతమంటే 8,06,400 రూపాయలు. 60 శాతమంటే 24,19,200. గాయం ఒకటే, మనిషి ఒకడే. మధ్యలో 16 లక్షల తేడా!

ఈ తేడా ఎక్కడ పుడుతుంది? సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం) వైద్యపరమైన వైకల్యాన్నే చెబుతుంది. చేతికి ఉన్న వైకల్యం వేరు, మొత్తం శరీరానికి లెక్కగట్టేది వేరు, ఆ మనిషి తన వృత్తిలో నష్టపోయేది వేరు అని రాజ్ కుమార్ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. రాతబల్ల దగ్గర పనిచేసే గుమాస్తాకు ఆ మోచెయ్యి పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. మేస్త్రికి అదే జీవనాధారం. ఇటుకలు ఎత్తగలడా, పరంజా ఎక్కగలడా, రోజంతా తాపీ పట్టుకోగలడా అన్న ప్రశ్నలు డాక్టరును బోనులో నిలబెట్టి అడగాలి. అదీ వైద్యం చేసిన డాక్టరునే పిలిపించాలి. సమన్లు తీసుకుని, వాయిదాకు రప్పించడం ఓపిక కావాల్సిన పని. సర్టిఫికెట్ ఒక్కటే దాఖలు చేసి ఊరుకుంటే బీమా కంపెనీ లాయరు దాన్ని తేలిగ్గా పక్కకు నెట్టేస్తాడు.

సంపాదన రుజువూ ఇలాంటిదే. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు, ఫోన్‌పే చెల్లింపులు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్, పని ఇచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం ఉండాలి. ఇవేవీ లేవని ఈ కేసులు విచారించే ట్రిబ్యునల్ నెలకు 10 వేలే అని ఊహిస్తే, 60 శాతం వైకల్యం ఒప్పుకున్నా వచ్చేది 16,12,800. ఒక్క సాక్షిని పిలవనందుకు 8 లక్షలు పోతాయి.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, కేసు సగం ఆసుపత్రి క్యాజువాలిటీలోనే తేలిపోతుంది. కంగారులో వెంట వచ్చినవాళ్లు 'బండి స్కిడ్ అయి పడ్డాడు' అంటారు, డ్యూటీ డాక్టరు అలాగే రాసుకుంటాడు. తర్వాత ఎఫ్ఐఆర్‌లో లారీ నంబరు కనిపిస్తే, ఆ ఒక్క వాక్యం పట్టుకుని బీమా కంపెనీ ఇది కల్పిత కేసంటుంది. ఎంఎల్‌సీలో (ఆసుపత్రి పోలీసు కేసుగా నమోదు చేసే రికార్డులో) ఏం రాశారో మొదటి వారంలోనే చూసి, తప్పుంటే పోలీసు వాంగ్మూలంలో కారణం చెప్పించే లాయరు ఆ కుటుంబానికి చేసే మేలు ఇంతా అంతా కాదు. ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో అందులోనే రాయించాలి. ఎక్స్‌రే ఫిల్ములు, పేరుతో ఉన్న అసలు బిల్లులు, అంబులెన్సు రసీదులు పారేయకూడదు.

పోలీసుల బాధ్యతా చిన్నది కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదంపై మొదటి నివేదిక 48 గంటల్లో, పూర్తి నివేదిక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు చేరాలి. దాన్నే క్లెయిమ్ దరఖాస్తుగా స్వీకరించే వీలుంది. వీటిని కచ్చితంగా పాటించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా. ఆ నివేదిక కోసం స్టేషన్ చుట్టూ తిరగాల్సింది లాయరే. లైసెన్సు, పాలసీ, పర్మిట్, ఫిట్‌నెస్ కాపీలు అందులో ఉన్నాయో లేదో చూడాల్సిందీ ఆయనే. చట్టం సొంతంగా దరఖాస్తు వేయడానికి ఆరు నెలల గడువు పెట్టింది కాబట్టి ఛార్జిషీట్ వచ్చేదాకా ఆగుదామనడం ప్రమాదకరం. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలన్న నియమమూ లేదు. బాధితులు ఉంటున్న ఊరి ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు.

ఇక ఫీజు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక ప్రమాద పరిహారం కేసు విషయంలో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, వచ్చిన సొమ్ములో శాతం అడగడం చట్టవిరుద్ధమని తేల్చి, ఫీజు కోసం తీసుకున్న చెక్కుపై లాయరు వేసిన చెక్ బౌన్స్ కేసును కొట్టేసింది. అయినా ఈ పద్ధతి ఆగలేదంటే కారణం ఉంది. చేతిలో పైసా లేని కుటుంబానికి ముందు డబ్బు అడగని లాయరే దేవుడిలా కనిపిస్తాడు. నిషేధం ఒక్కటే వాళ్ల అవసరం తీర్చదు. కానీ శాతం మీద పనిచేసేవాడి లాభం ఎటుందో కూడా చూడాలి. డాక్టర్ని, కాంట్రాక్టర్ని పిలిపిస్తూ మూడేళ్లు నడిపి 24 లక్షలు తేవడం కంటే, వచ్చే లోక్ అదాలత్‌లో 7 లక్షలకు రాజీ చేసేస్తే అతనికి శ్రమ లేకుండా వాటా వస్తుంది. లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు ఉండదు. సంతకం పెట్టేముందు పైన చెప్పిన లెక్క కాగితం మీద వేయించుకోవాలి. ప్లేట్లు తీయించే ఆపరేషన్ ఖర్చు, వడ్డీ అందులో కలిశాయో లేదో చూసుకోవాలి. లెక్క సరిపోతే రాజీ మంచిదే, ఏళ్ల తరబడి తిరుగుడు తప్పుతుంది.

డబ్బు లేనివారికి దారి లేకపోలేదు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. ప్రైవేటు లాయరును పెట్టుకుంటే మొత్తం ఫీజు ఇంతని రాయించుకుని వాయిదాల్లో కట్టవచ్చు. వకాల్తా మీద సంతకం చేయండి, ఖాళీ చెక్కుల మీద, ఖాళీ స్టాంపు పేపర్ల మీద మాత్రం వద్దు. పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలోకే జమ చేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, మీ పేరుతో ఉన్న ఖాతా వివరాలను పిటిషన్‌తోపాటే ట్రిబ్యునల్‌కు ఇవ్వండి. ఆ పాస్‌బుక్, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.