మౌస్ నాన్న చేతిలోనే ఉండనివ్వండి

"అమ్మలూ, ఈ పోయింది."

2023 ఫిబ్రవరిలో ఒక పొద్దున్న తెనాలి నుంచి నాన్న ఫోన్. నేను బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. ఏం పోయిందో అర్థం కావడానికి ఒక సిగ్నల్ దాటాల్సి వచ్చింది. ఆయనకి ఇంటర్నెట్ అంటే డెస్క్‌టాప్ మీద ఉండే నీలం రంగు 'ఈ'. దాన్ని నొక్కితే రోజూ వచ్చేది రాకుండా ఇంకేదో వచ్చింది.

ఆ 'ఈ' అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్. దాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15నే రిటైర్ చేసింది. చాలా విండోస్ 10 కంప్యూటర్లలో అది ఇంకా కొనఊపిరితో ఉండేది. దాని బదులు మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎడ్జ్ బ్రౌజర్‌కి ఆ ఫిబ్రవరిలో వచ్చిన అప్‌డేట్‌తో అదీ ఆగిపోయింది. ఈ సంగతి చెబితే, ట్రెజరీలో 30 ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి కదా, "దానికి పెన్షన్ ఉందా మరి?" అన్నారు.

నిజానికి ఉంది. దాని పేరు ఐఈ మోడ్: ఎడ్జ్ లోపలే పాత ఎక్స్‌ప్లోరర్‌లా సైట్లు తెరిచే ఏర్పాటు. నాన్న లెక్కలు చూసే రిటైర్డ్ ఉద్యోగుల సంఘం ఒక ఆఫీసుకి ఏవో కాగితాలు ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ సైటు పాత ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప సరిగ్గా నడవదు. అందుకని ఎడ్జ్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ బ్రౌజర్' అన్న చోటికి వెళ్ళి, ఐఈ మోడ్‌కి అనుమతిచ్చి, ఆ సైటు అడ్రసు అక్కడ చేర్చాలి. తిరకాసు ఏమిటంటే, 30 రోజులకి ఆ చేర్చింది గడువు తీరిపోతుంది. మళ్ళీ చేర్చాలి. నెల తిరిగేసరికి కేబుల్ బిల్లులా నాన్న ఫోన్.

నేను చేసే ఉద్యోగమే సపోర్టు. వైట్‌ఫీల్డ్‌లో కూర్చుని ఎక్కడెక్కడి కంప్యూటర్లలోకో దూరి బాగుచేస్తుంటాను. కాబట్టి నాన్న కంప్యూటర్ నాకొక లెక్క కాదనుకున్నాను. "రిమోట్‌లో వస్తున్నా, నెంబరు చదువు" అనడం, ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అంకే చదవడం, "ఏదో అడుగుతుంది, యాక్సెప్ట్ కొట్టెయ్" అని నేను తొందరపెట్టడం. తర్వాత ఒకే బండిని ఇద్దరం తోలినట్టు ఉండేది. నేను బాణాన్ని కుడికి లాగితే ఆయన ఎడమకి లాగేవారు. "నాన్నా, మౌస్ వదిలెయ్!" "వదిలేశానమ్మా, చెయ్యి ఊరికే పెట్టానంతే." మధ్యలో విండోస్ అనుమతి అడిగే పెట్టె వచ్చేది. అది వచ్చినప్పుడు నా తెర నల్లబడిపోయేది. దూరం నుంచి ఎవరూ నొక్కకూడదనే దాన్ని వేరే తెర మీద చూపిస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషే 'ఎస్' కొట్టాలి. "ఏం వచ్చినా ఎస్ కొట్టు నాన్నా" అనేదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నాన్నకి ఆ 'ఈ' మీద ఇంత పట్టు ఎందుకంటే, ఆయన మొదట చూసింది అదే. 2003లో నా ఎంసెట్ రిజల్ట్ కోసం బోస్ రోడ్డు వైపు ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడి కుర్రాడు ఆ 'ఈ' మీద రెండుసార్లు నొక్కి నా హాల్ టికెట్ నెంబరు కొట్టాడు. ర్యాంకు అందులోంచే వచ్చింది మరి. అప్పటికి అమెరికాలో దాని గొడవ ఒక కొలిక్కి వచ్చేసింది. 1993లో ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్లు వచ్చాయి. 1995లో దిగిన మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌ని విండోస్‌తో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. 1998లో అమెరికా ప్రభుత్వం కోర్టుకెళ్ళింది. కేసు సాగుతుండగానే జనం చేతులు ఆ 'ఈ'కి అలవాటుపడిపోయాయి. 2003 నాటికి నూటికి తొంభై మందికి పైగా దాంట్లోనే ఉన్నారు. గెలిచాక మైక్రోసాఫ్ట్ కాళ్ళు చాపుకుని పడుకుంది. 2001లో ఆరో వెర్షన్, తర్వాతది 2006లో. ఆరో వెర్షన్ వచ్చినప్పుడు మంచిదే, నేనేమీ కాదనను. అయిదేళ్ళు దాన్నే వడ్డించడం అన్యాయం.

మనకి ఇంకో చిక్కు కూడా ఉండేది. అప్పట్లో కొన్ని తెలుగు పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లతో నడిచేవి. ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు కనిపించేది, ఫైర్‌ఫాక్స్ అనే వేరే బ్రౌజర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. ఆ గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించడానికి 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ ఉండేదని నాతోపాటు హాస్టల్లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నాన్నలాంటి వాళ్ళకి అదంతా ఎవరు చెబుతారు? పొద్దున్నే పేపర్ తెలుగులో కనపడాలంటే 'ఈ' నొక్కాలి, అంతే.

అలవాటుకి అంత బలం ఉంది. ఇరవై ఏళ్ళు నిలబడుతుంది. ఇది తెలిసిన దాన్నే నేను కూడా ఏడు నెలలపాటు నాన్నకి ఒక అలవాటు చేశాను: ఫోన్లో గొంతు అడిగితే నెంబరు చదవాలి, ఏం వచ్చినా ఎస్ కొట్టాలి, మౌస్ వదిలెయ్యాలి.

ఎనిమిదో నెలలో ఫోన్ వచ్చింది. నాది కాదు. బ్యాంకు నుంచి అన్నాడట, కేవైసీ అన్నాడట, ఏదో దింపుకోమన్నాడట. నాన్న దింపుకున్నారు, నెంబరు చదివారు, ఎస్ కొట్టారు, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అచ్చం నేను నేర్పినట్టే. బాణం బ్యాంకు పేజీ దాకా వెళ్ళింది. అప్పుడు లేచి ప్లగ్గు పీకేశారు.

"ఎలా కనిపెట్టావు నాన్నా?"

"నువ్వయితే విసుక్కుంటూ చేస్తావు. వాడు సార్, సార్ అంటూ మర్యాదగా చేస్తున్నాడు. అనుమానం వచ్చింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డబ్బు పోలేదు. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఇలాంటి మోసం గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు, దూరం నుంచి నడపడానికి వాడే ఎనీడెస్క్ యాప్ పేరు చెప్పి మరీ బ్యాంకుల్ని హెచ్చరించింది. ఆ యాప్ దొంగది కాదు, నిజాయితీగా వాడేవాళ్ళు కోకొల్లలు. విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్‌ని కూడా మోసగాళ్ళు వాడుతున్నారని 2024 మేలో మైక్రోసాఫ్టే చెప్పింది. కాబట్టి ఏ యాప్ మంచిదని నన్నడగకండి. మన బెంగళూరు తెలుగువాళ్ళ సంఘం పిక్నిక్‌లో ఒకాయన గొప్పగా చెప్పాడు: అమ్మానాన్నల కంప్యూటర్‌కి పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టేశాను, వాళ్ళు లేకపోయినా దూరిపోతాను అని. ఇంకొకాయన రూటర్‌లో 3389 పోర్టు, అంటే బయటినుంచి కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు, తెరిచిపెట్టాడట. మా ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే వెంటనే పిలిచి అడుగుతారు. మనింటికి ఆ మాత్రం జాగ్రత్త అక్కర్లేదా?

నాకు తోచింది ఒకటే. తెర చూడండి, మౌస్ ముట్టుకోకండి. క్విక్ అసిస్ట్‌లో ముందు చూడటం వరకే ఇస్తుంది, నడపాలంటే విడిగా అడగాలి. ఆ రెండోది అడగకండి. పది నిమిషాల పని గంట పడుతుంది, తెలుసు. మొదటి ఆదివారం నాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. "కుడివైపు పైన మూడు చుక్కలు" అంటే నాన్న తెర మీది దుమ్ము చుక్కలు లెక్కపెట్టారు. ఫోన్ మ్యూట్‌లో పెట్టి రెండుసార్లు తల పట్టుకున్నాను. అయినా మౌస్ తీసుకోలేదు.

వేసవి సెలవులకి మన దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళని సంఘం వాళ్ళు లాల్‌బాగ్‌కి, ఇస్కాన్‌కి తిప్పుతున్నారు. బాగానే ఉంది. అందులో ఒక ఆదివారం పొద్దున్న రెండు గంటలు దీనికివ్వమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. సొంత లాప్‌టాప్, ఎదురుగా ఒక మనిషి, యాక్సెప్ట్ అని వచ్చినప్పుడు 'నో' ఎక్కడుందో పది సార్లు నొక్కించడం. ఎవరైనా మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని ఒక కాగితం మీద రాసివ్వడం. భోజనాల ఖర్చు నాది.

నాన్న ఇప్పుడు ఆ గడువు తేదీని వంటింట్లో గోడ క్యాలెండర్ మీద రాసుకుంటున్నారు. ఏకాదశికి అమ్మ చుట్టిన సున్నా పక్కన, ఎర్ర ఇంకుతో ఒక 'ఈ'. పోయిన నెల ఆ రోజు ఫోన్ రాలేదు. ఉండబట్టలేక నేనే చేశాను. "అయిపోయిందమ్మా, పొద్దున్నే చేసేశాను. నువ్వు ఆఫీసుకి వెళ్ళలేదా?" అన్నారు.